ఆకలి మోసిన నింద

షుగరు ఉన్న మనిషికి మన ఇళ్ళల్లో మందులతో పాటు మందలింపు కూడా పూటపూటా దొరుకుతుంది. థైరాయిడ్ అంటే "మాత్ర వేసుకుంటున్నావా?" అని అడుగుతారు. బీపీ పెరిగిందంటే "కాస్త విశ్రాంతి తీసుకో" అంటారు. షుగరు 280 వచ్చిందని చెబితే మాత్రం "ఏం తిన్నావు?" అనే అడుగుతారు. అడిగేవాళ్ళకి మనమీద ప్రేమ లేక కాదు. అయినా ఆ ప్రశ్నలో తీర్పు ముందే రాసిపెట్టి ఉంటుంది. తిన్నావు కాబట్టే వచ్చింది, నోరు కట్టుకుంటే పోయేది, అంతపాటి నిగ్రహం నీకు లేకపోయింది. మనిషి కాస్త ఒళ్ళు చేసి ఉంటే ఇక సాక్ష్యం కూడా అక్కర్లేదు.

మా పెద్దమ్మ తన సగం జీవితం ఈ తీర్పు కిందే గడిపింది. సంక్రాంతికి మా అమ్మమ్మగారింట్లో అరిసెల పాకం పట్టాల్సింది ఆవిడే, మరెవరికీ ఆ చెయ్యి కుదిరేది కాదు. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, గరిటెతో చుక్క పాకం అందులో వేసి, వేళ్ళతో ఉండ కట్టి, ఆ ఉండ పళ్ళానికి కొట్టి చూసేది. టంగుమంటే ముదిరినట్టు, జారిపోతే ఇంకా లేత. అంతసేపూ పొయ్యి దగ్గర బెల్లం ఆవిరి మొహానికి తగులుతూ కూర్చున్న మనిషిని, పని అయిపోగానే "అక్కయ్యని అటు పంపించెయ్యండర్రా, చేతికి అందేలా పెట్టకండి" అని పిల్లలందరి ఎదుటా అనేవారు. డబ్బాలు అటకెక్కేవి. పెద్దమ్మ చెయ్యి కడుక్కుని పెరటి అరుగు మీదకి వెళ్ళి కూర్చునేది. ఒక్కనాడూ ఎదురు మాట్లాడగా నేను చూడలేదు. నిజమే కదా, తప్పు నాదే కదా అన్నట్టుగా ఉండేది. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నలుగురూ అన్న మాటని ఆవిడ నమ్మింది.

నలభై దాటాక నాకూ షుగరు వచ్చింది. బరువు అంతకుముందే ఉంది. మెట్‌ఫార్మిన్, దానికి తోడు గ్లిమిపిరైడ్, తెల్లవారుజామున గోదావరి గట్టు మీద నడక, రాత్రిపూట అన్నం మానేసి పుల్కాలు, అన్నీ చేశాను. కాలేజీలో పాఠం చెబుతున్నంతసేపూ మనసులో ఒక మూల మధ్యాహ్నం డబ్బాలో ఏముందో మెదులుతూనే ఉండేది. నాలుగింటికి స్టాఫ్‌రూములో ఎవరో మిక్చర్ పొట్లం విప్పిన చప్పుడు, పేపర్లు దిద్దుతున్నా వినిపించేది. రాత్రి పదకొండింటికి వంటింట్లోకి వెళ్ళకుండా ఉండడానికి ఎంత బలం ఖర్చయ్యేదో ఎవరికీ కనిపించేది కాదు. వెళ్ళిన రోజు మాత్రం అందరికీ కనిపించేది.

అప్పుడు మా డాక్టరు వారానికోసారి పొట్టకి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజక్షన్ రాశారు. రాసేముందు చాలా అడిగారు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, నాకెప్పుడైనా క్లోమం వాచిందా, పిత్తాశయంలో రాళ్ళున్నాయా అని. కంటి రెటీనా పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఈ మందుకి గ్లిమిపిరైడ్ తోడైతే షుగరు మరీ పడిపోవచ్చని దాని మోతాదు సగానికి తగ్గించారు. మొదటి నాలుగు వారాలు 0.25 మిల్లీగ్రాములే. అంత కొద్ది మోతాదు షుగరు తగ్గించడానికి చాలదని, పొట్ట అలవాటు పడడానికే అని ముందే చెప్పారు.

మోతాదు 0.5కి పెరిగాక ఒకరోజు మా అమ్మాయి ఫ్రిజ్‌లోంచి ఒక పెట్టె తీసి, "అమ్మా, ఇదేంటి, విప్పనే లేదు?" అంది. పక్కవాళ్ళింటి పెళ్ళికి ఇచ్చిన స్వీట్ల పెట్టె. పూతరేకులు, కాజాలు. అది అక్కడుందన్న సంగతే నాకు గుర్తులేదు. తినకూడదని పక్కన పెట్టడం నాకు కొత్త కాదు. గుర్తే లేకపోవడం కొత్త. ఆ పెట్టె పట్టుకుని వంటింట్లో నిలబడి, ఇందుకోసం నేను ఏం చేశానా అని ఆలోచించాను. ఏమీ చెయ్యలేదు. నోరు కట్టుకోలేదు, దేవుడికి మొక్కుకోలేదు, డైరీలో ప్రతిజ్ఞలు రాసుకోలేదు. వారానికోసారి సూది గుచ్చుకున్నానంతే. మరి ఈ నెమ్మది నా గొప్పతనం కానప్పుడు, అంతకుముందున్న ఆరాటం నా చేతకానితనం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చదవడం మొదలుపెట్టాను.

మన పేగుల చివరి భాగంలో కొన్ని కణాలున్నాయి. మనం తినగానే అవి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ను రక్తంలోకి వదులుతాయి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఇన్సులిన్ వదలమని అది క్లోమానికి చెబుతుంది, మెల్లగా ఖాళీ అవమని జీర్ణాశయానికి చెబుతుంది, ఇక చాలని మెదడుకి చెబుతుంది. చిక్కేమిటంటే అది రక్తంలో నిలవదు. డీపీపీ-4 అనే ఎంజైము రెండు నిమిషాల్లోనే సగం హార్మోన్ను పనికిరాకుండా చేసేస్తుంది. 1980లలో బోస్టన్‌లో జోయెల్ హాబెనర్, స్వెత్లానా మొయ్‌సోవ్, డెన్మార్క్‌లో యెన్స్ హోల్స్ట్ ఈ హార్మోన్ను పట్టుకున్నారు. దాన్ని మందుగా మార్చాలంటే నిలవని దాన్ని నిలబెట్టాలి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ అనే వైద్యుడు 1990ల మొదట్లో గీలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి విషంలో దాదాపు అలాంటిదే మరొక పదార్థం కనిపెట్టాడు. ఆ ఎంజైముకి అది త్వరగా లొంగదు. ఏడాదిలో కొద్దిసార్లే తిని బతికే బల్లి అది. ఆ దారిలోనే 2005లో రోజుకు రెండుసార్లు వేసుకునే ఎక్సెనటైడ్ వచ్చింది. 2010లో రోజుకొకసారి వేసుకునే లిరాగ్లూటైడ్, 2017లో వారానికొకసారి చాలనే సెమాగ్లూటైడ్, 2022లో రెండు హార్మోన్ల పని ఒక్కటే చేసే టిర్జెపటైడ్ అమెరికాలో అనుమతి పొందాయి. ఓజెంపిక్, వెగోవీ, మౌంజారో అని మనం వింటున్న పేర్లన్నీ ఈ చివరి రెండింటివే.

ఈ చరిత్రలో నాకు బాగా గుర్తుండిపోయినవి రెండున్నాయి.

మొదటిది 2021లో అచ్చయిన పరిశోధన. షుగరు లేని, బరువు ఎక్కువున్న 1961 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి సెమాగ్లూటైడ్, మరో జట్టుకి మందులేని ఉత్తుత్తి ఇంజక్షన్ 68 వారాల పాటు ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్ళు సగటున తమ బరువులో 15 శాతం దాకా తగ్గారు. అందరూ చెప్పుకునేది ఈ అంకె. నా కళ్ళు రెండో అంకె దగ్గర ఆగిపోయాయి. ఏం తినాలో, ఎంత నడవాలో అన్న సలహా రెండు జట్లకీ ఒకేలా ఇచ్చారు. నెలనెలా కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఆ సలహా మాత్రమే దక్కిన జట్టు తగ్గింది 2.4 శాతం. వాళ్ళూ తగ్గాలనుకునే వచ్చారు, సంతకాలు పెట్టి చేరారు, ఏడాదికి పైగా పొట్టకి సూదులు గుచ్చుకున్నారు. వాళ్ళకి పట్టుదల లేదని ఎవరనగలరు? పైగా మందు ఆపాక ఏడాదికల్లా, తగ్గినవాళ్ళకి పోయిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మందు ఉన్నన్నాళ్ళూ బుద్ధిమంతులు, ఆపగానే తిండిపోతులు అయిపోతారా ఎవరైనా?

రెండోది ఇంకా పాతది. 1997లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి వైద్యులు, పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలో, దగ్గరి బంధువులైన ఇద్దరు పిల్లల గురించి రాశారు. మేనరికాలు ఉన్న కుటుంబం. ఎనిమిదేళ్ళ పాప 86 కిలోలు. రెండేళ్ళ బాబు 29 కిలోలు. ఎంత పెట్టినా ఆకలి. కొవ్వు కణాల నుంచి మెదడుకి వెళ్ళాల్సిన లెప్టిన్ అనే హార్మోను వాళ్ళ ఒంట్లో పుట్టుకతోనే తయారవడం లేదని పరీక్షలో తేలింది. ఆ పాపకి రోజూ లెప్టిన్ ఇంజక్షన్ ఇవ్వడం మొదలుపెట్టాక ఆకలి మామూలైంది, బరువు దిగింది. అలాంటి జబ్బు కోటికొకరికి ఉంటుందేమో, నాకు లేదు, మా పెద్దమ్మకీ లేదు. అయినా ఆ పిల్లల తల్లుల గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. పిల్లల్ని అలా పెంచారేమిటని చుట్టుపక్కలవాళ్ళు, బంధువులు, బడిలో టీచర్లు వాళ్ళని ఎన్నేసి అని ఉంటారో మనకి తెలియనిదా! రక్తంలో ఒక్క హార్మోను లేదు. అంతే సంగతి.

మందు గురించి ఇంత మంచి చెప్పాక, దాని కష్టం కూడా చెప్పాలి.

మొదటి నెలంతా కడుపులో తిప్పింది. ఇంజక్షన్ వేసుకున్న మర్నాడూ ఆ పైరోజూ పోపు వాసనకే వికారం. మలబద్ధకం నెలల తరబడి ఉంది, ఇసబ్‌గోలు, మంచినీళ్ళు, ఆకుకూరలతోనే నెట్టుకొచ్చాను. నూనె వంటకాలు తింటే రాత్రంతా పుల్లటి తేన్పులు. కొందరికి ఇవి భరించలేనంతగా ఉంటాయి, వాళ్ళు మానేస్తారు, మానెయ్యడంలో తప్పేమీ లేదు. త్వరగా బరువు తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడవచ్చు. అరుదుగా క్లోమం వాస్తుంది, పొట్ట పైభాగంలో వీపుదాకా పాకే నొప్పి వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది కండ. ఒంట్లోంచి పోయేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా దాంతో పోతుంది. మన భోజనం అసలే అన్నం చుట్టూ తిరుగుతుంది. ఆకలి సగానికి తగ్గినప్పుడు ఆ సగమూ అన్నంతోనే నింపితే కాళ్ళలో పస ఉండదు. మా డాక్టరు మాట ప్రకారం కంచంలో వరస మార్చాను. ముందు గుడ్డో, ముద్దపప్పో, చేపముక్కో, తరువాత కూర, ఆఖర్న అన్నం. పొద్దున్నే పెసరట్టు. సాయంత్రం ఇంట్లోనే కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, చెరో చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని పైకెత్తడం. వయసు యాభై దాటిన ఆడవాళ్ళు ఈ మందు వేసుకుంటూ ఈ పని చెయ్యకపోతే తరువాత మోకాళ్ళూ ఎముకలూ దాని ఫలితం అనుభవిస్తాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వేసుకోవడం మాత్రం తేలికే. ఆదివారం పొద్దున్న స్నానం చేశాక వేసుకుంటాను. పెన్నుకి కొత్త సూది బిగించి, మోతాదు అంకె కనబడేదాకా చివరున్న మీట తిప్పి, బొడ్డుకి రెండంగుళాలు పక్కగా గుచ్చి నొక్కుతాను. అంకె సున్నాకి వచ్చాక కూడా ఆరు లెక్కపెట్టేదాకా సూది తియ్యకూడదు, లేకపోతే మందు చుక్క బయటికొచ్చేస్తుంది. పోయిన వారం కుడివైపు అయితే ఈ వారం ఎడమవైపు. చీమ కుట్టినంత కూడా ఉండదు. కష్టమల్లా పెన్ను దాచుకోవడంలో ఉంది. వాడని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే పారెయ్యాల్సిందే, అందుకని ఫ్రీజరుకి దూరంగా మధ్య అరలో పెట్టాను. వాడుతున్న పెన్నుని కొన్ని వారాలు బయట ఉంచుకోవచ్చంటారు గానీ అది 30 డిగ్రీలు దాటని చోటికి వర్తించే మాట. మా రాజమండ్రిలో మే నెలలో 45 డిగ్రీల ఎండ కాస్తుంది. కరెంటు పోతే నా ప్రాణం ఫ్రిజ్ మీదే. ఇన్వర్టరుకి దాన్ని కలిపించాక గానీ నిద్రపట్టలేదు.

ఫ్రిజ్‌లో పెన్ను చూసిన బంధువుల మొహాలు పాలిపోయేవి. "ఇన్సులిన్ దాకా వచ్చిందా వదినా?" అని మా ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మనలో సూది అంటే ఆఖరి దశ అనే భయం అంత లోతుగా ఉంది. ఇది ఇన్సులిన్ కాదని, ఒంట్లో ఉన్న ఇన్సులిన్‌నే సమయానికి బయటికి రప్పించే మందని కూర్చోబెట్టి చెప్పాను. ఇన్సులిన్ అయినా భయపడాల్సింది లేదని కూడా చెప్పాను. 1922లో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ అందుకున్న కుర్రాడు చావు అంచు నుంచి వెనక్కి వచ్చాడు. ఆ మందు మీద హక్కుల్ని కనిపెట్టినవాళ్ళు ఒక్కొక్క డాలరుకి విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. ప్రాణం నిలిపిన సూదిని మనం ఓటమి గుర్తుగా చూడడం ఏం న్యాయం?

భయం పోయాక మరొకటి మొదలైంది, గుసగుస. "ఇంజక్షన్‌తో తగ్గిందటలే." కష్టపడి తగ్గడం వేరు, మందుతో తగ్గడం వేరు అని ఆ మాటకి అర్థం. బీపీ మాత్రతో రక్తపోటు తగ్గించుకున్నవాణ్ని "మాత్రతో తగ్గిందటలే" అని ఎవరూ అనరు. కళ్ళజోడు పెట్టుకుని చదివేవాణ్ని ఎవరూ తక్కువ చెయ్యరు. బరువు దగ్గరికొచ్చేసరికి మనకి తపస్సు కావాలి, చెమట కావాలి, కడుపు మాడ్చుకున్న రుజువు కావాలి. అందుకే ఈ మందు వేసుకుంటున్న చాలామంది దాన్ని దాచుకుంటున్నారు. మా కాలేజీలోనే ఒకావిడ "మిల్లెట్లు తింటున్నానండీ" అని చెబుతూ వచ్చి, నేను నా సంగతి పైకి చెప్పాక ఒకరోజు కారిడార్లో చెయ్యి పట్టుకుని తన సంగతి చెప్పింది. దాచుకోవడంలో ప్రమాదం ఉంది. దాచుకున్నవాళ్ళు డాక్టరుకి వాంతుల సంగతి చెప్పరు, ఆపరేషనుకి వెళ్ళేటప్పుడు మత్తుమందు ఇచ్చే డాక్టరుకి చెప్పరు. తిండి కడుపులో ఎక్కువసేపు నిలిచే మందు ఇది, ఆ సంగతి ఆయనకి తప్పకుండా తెలియాలి. కాబట్టి నేను ఎవరడిగినా చెబుతాను.

ఇంకొక కష్టం ఉంది. ఇది డాక్టర్ల చీటీల్లో రాయరు. మనవాళ్ళు ప్రేమని పెట్టి చూపిస్తారు. మా అమ్మకి ఎనభై దాటాయి. నేను వస్తున్నానంటే లేత వంకాయలు ఏరి తెప్పించి గుత్తివంకాయ కూర చేస్తుంది. మందు మొదలుపెట్టిన కొత్తలో వెళ్ళినప్పుడు నాలుగు ముద్దలకే నా కడుపు నిండిపోయింది. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాను. అమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. "బాగా కుదరలేదా?" అంది. కూర మహా బాగా కుదిరింది. నిజం చెప్పాలంటే అంత నిదానంగా, ఏ కంగారూ లేకుండా ఆ కూర రుచి నాకెప్పుడూ తెలియలేదు. ఆరాటం పోయింది, రుచి పోలేదు. ఆ తేడా ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, కంచం పక్కన పెట్టి చెంబుడు మంచినీళ్ళు తాగి, కూర గిన్నెలో పెట్టించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు కొంత అలవాటు పడింది. కాయలు సగం చేస్తుంది, నా పక్కనే కూర్చుని కబుర్లు చెబుతుంది. కానీ పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చున్నప్పుడు, వడ్డించేవాళ్ళు బూరెల పళ్ళెంతో వచ్చినప్పుడు, వద్దన్న ప్రతిసారీ ఎవరిదో ఒకరి మనసు నొచ్చుకుంటుంది. దానికి నా దగ్గర ఇంకా ఉపాయం లేదు.

ఇలా పేరు పైకొచ్చిన మందు కావడంతో పెడదారులూ మొదలయ్యాయి. పెళ్ళి కుదిరిన అమ్మాయిలు, నాలుగైదు కిలోల కోసం, డాక్టరు చీటీ లేకుండా, ఎవరో తెప్పించి ఇచ్చిన పెన్నులు వేసుకుంటున్నారని విన్నప్పుడల్లా నాకు గుండె దడ వస్తుంది. బిడ్డ కావాలనుకునేవాళ్ళు సెమాగ్లూటైడ్‌ని కనీసం రెండు నెలల ముందే ఆపెయ్యాలి. పెళ్ళికి సన్నబడదామని మొదలుపెట్టిన పిల్లకి ఈ మాట ఎవరు చెబుతారు? నకిలీ ఓజెంపిక్ పెన్నులు కొన్ని దేశాల్లో దొరికాయని 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది కూడా. ఆ పిల్లల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సన్నగా ఉంటేనే చూడముచ్చట అని వాళ్ళ చెవిలో ఊదినవాళ్ళం పెద్దవాళ్ళమే.

ధర సంగతి. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల ఒక్క సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు. వారానికి ఒకటి. జూన్‌లో వచ్చిన వెగోవీ కూడా అప్పుడు మధ్యతరగతికి భారంగానే ఉండేది. సెమాగ్లూటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చి వరకే, ఆ గడువు తీరగానే తమ మందు తేవడానికి హైదరాబాదు కంపెనీలతో సహా చాలా దేశీయ కంపెనీలు ముందునుంచే సిద్ధమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరులో ఈ కోవ మందుల్ని, షుగరుతో పాటు గుండె జబ్బో కిడ్నీ జబ్బో, దానికి తోడు ఊబకాయం కూడా ఉన్నవాళ్ళ కోసం, అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో చేరిన మందు ఏదో ఒకనాటికి సర్కారు ఆస్పత్రి కిటికీ దగ్గర కూడా దొరకాలని నేను కోరుకుంటున్నాను.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ అడిగింది, "అమ్మగారూ, ఆ సూది నాక్కూడా పనిచేస్తదా?" అని. ఆవిడకి షుగరు 300కి తగ్గదు. మనిషి మాత్రం బక్కపలచగా, చేతులు పుల్లల్లా ఉంటాయి. ఆవిడకి ఈ మందు సరిపడదు, ఉన్న కాస్త కండా కరిగిపోతుంది. ఆరోగ్య కేంద్రంలో మాత్రలిచ్చేచోట ఆవిణ్ని కూడా "అన్నం తగ్గించు, అన్నం తగ్గించు" అని కసురుతారట. ఇంతకన్నా తగ్గించడానికి నా కంచంలో ఏముందమ్మా అంటుంది. ఒళ్ళున్న నన్నూ అదే మాట అన్నారు, ఒళ్ళే లేని ఆవిణ్నీ అదే మాట అంటున్నారు.

ఒళ్ళే లేని మనిషికి షుగరెలా వస్తుందంటారా? పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అనే వైద్యుడు తన ఇంగ్లండ్ స్నేహితుడు జాన్ యుడ్కిన్‌తో కలిసి దిగిన ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తునిబట్టి బరువుని లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఇంగ్లండాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకున్న ఒళ్ళు మనది, అది తల్లి కడుపులోనే మొదలవుతుందని ఆయన పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని తూచి, కొలిచి చూపించారు. మన హైదరాబాదులోనూ ఇందుకు సంబంధించిన గొప్ప ఆధారం ఉంది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో నగరానికి దగ్గర్లోని కొన్ని పల్లెల్లో గర్భిణులకి, చిన్నపిల్లలకి రోజూ అదనంగా ఉప్మాలాంటి ఆహారం ఇచ్చారు, పక్క పల్లెల్లో ఇవ్వలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసుకి వచ్చాక పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ ఆ తిండి దక్కిన పల్లెల పిల్లల్లో ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకపోవడం అనే గుణం సుమారు 20 శాతం తక్కువగా ఉంది. తల్లి కడుపులో ఉండగా తిన్నదాని లెక్క నలభయ్యో ఏట మనిషిని అడిగితే ఏం జవాబు చెబుతుంది?

మా ఇంట్లో పనిచేసే ఆవిడతో జిల్లా ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరు ఓపికగా చూసి ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఫ్రిజ్ వాళ్ళింట్లో లేదు కాబట్టి సీసా మా ఇంట్లోనే ఉంటుంది. పొద్దున్న పనిలోకి రాగానే వేసుకుని టిఫిను తింటుంది, రెండోపూటది సాయంత్రం వచ్చి వేసుకుంటుంది. చర్మం ఎలా పట్టుకోవాలో, సూది ఎక్కడ మార్చాలో నేను నేర్పాను, ఇప్పుడు నాకన్నా నేర్పుగా వేసుకుంటుంది. కంటి పరీక్ష కూడా అయింది.

వాళ్ళమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఇంటికి తెచ్చి మరుదులకి పంచిపెట్టకుండా తనే తినమని ఆ పిల్లకి మేమిద్దరం పోరుపెడుతున్నాం. గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలకి రక్తం తీసే పరీక్ష ఇంకా చేయించుకోలేదు, మొదటిసారి వాంతి అయిందని వచ్చేసిందట. బుధవారం మళ్ళీ రమ్మన్నారు. వాళ్ళమ్మకి వీలుపడదు, ఆ రోజు వేరే ఇంట్లో పెద్ద పని ఉంది. కాలేజీకి సెలవు పెట్టి నేను తీసుకెళ్తున్నాను.